చప్పట్లు కొట్టించిన తరగతి

2005 వేసవి బదిలీల్లో నాకు ఆకివీడు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. కౌన్సెలింగ్ ఏలూరులో జరిగింది. కౌన్సెలింగ్ అంటే మరేం లేదు, సీనియారిటీ వరసలో ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, ఖాళీల జాబితా ముందు పెట్టి ఊరు ఎంచుకోమంటారు. నా వంతు వచ్చేసరికి ఉంగుటూరు వైపు, పెదవేగి వైపు బస్సు దొరికే ఊళ్లన్నీ అయిపోయాయి. మిగిలిన మూడింటిలో ఒకదాని మీద వేలు పెట్టి సంతకం చేసి బయటికి వచ్చాను. నేను సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంటుని. హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే హోదా అది. దాని కింద సెకండరీ గ్రేడు టీచర్లు, పైన హెడ్మాస్టరు. అప్పటికి నా సర్వీసు పంతొమ్మిదేళ్లు. ఇల్లు తాడేపల్లిగూడెంలో. మావారు అక్కడే పోస్టాఫీసులో పనిచేసేవారు. ఆకివీడులో ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం గూడెం వెళ్లి, సోమవారం పొద్దున్నే బస్సులు మారి స్కూలుకి వచ్చేదాన్ని.

ఆ స్కూలుకి సగం మంది పిల్లలు ఆ ఊరివాళ్లే. కొందరు చేపల చెరువుల మీద కాపలా పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు. మిగిలినవాళ్లు లంకల నుంచి వచ్చేవారు. సరస్సు మధ్య ఎత్తు మీద ఉన్న ఊళ్లని అక్కడ లంకలంటారు. పొద్దున ఊరి పడవ ఒకటి బయల్దేరి పిల్లల్ని, పాలక్యాన్లని, ఆసుపత్రికి వెళ్లేవాళ్లని కలిపి ఒడ్డుకి చేరుస్తుంది. గాలి ఎదురైనా, నీళ్ల మీద పెరిగే గుర్రపుడెక్క అడ్డం పడినా ఆ పడవ ఆలస్యమవుతుంది. అందుచేత లంక పిల్లలు వారంలో మూడు రోజులు ప్రార్థన అయిపోయాకే వచ్చేవారు.

ఆలస్యంగా వచ్చినవాళ్ల సంగతి మా లెక్కల మాస్టారు చూసుకునేవారు. గేటు దగ్గర బెత్తంతో నిలబడి, చెయ్యి చాపమని, తలా రెండు వేసి లోపలికి పంపేవారు. కొట్టకూడదని ప్రభుత్వ ఉత్తర్వులు అప్పటికే వచ్చాయి. అవి ఆఫీసు బీరువాలో ఉండేవి, బెత్తం గేటు దగ్గర ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున కొట్టిన పిల్లకే మధ్యాహ్నం తన క్యారేజీలోంచి కూర వేసేవారు. కానీ నాకు ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. ఆ మంట నా ముఖంలో కనబడేలాగే తిరిగేదాన్ని కూడా.

అంతకు ముందు వేసవిలో ఏలూరులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. బెత్తం లేకుండా తరగతిని ఎలా నడపాలో అందులో చెప్పారు. నియమాలు పిల్లల చేతే పెట్టించాలి, తప్పుని తిట్టాలి గాని పిల్లవాణ్ణి తిట్టకూడదు, పేరు పెట్టి పిలవాలి, మంచి పని చేస్తే అందరి ముందూ మెచ్చుకోవాలి అన్నారు. చాలామంది టీ కోసం ఎదురుచూస్తూ విన్నారు. నేను నోట్సు రాసుకున్నాను. నాకు తొమ్మిదో తరగతి ఏ సెక్షను క్లాస్ టీచరుగా ఇచ్చారు. క్లాస్ టీచరంటే హాజరుపట్టీ వెయ్యడం, మార్కుల రిజిస్టరు రాయడం, ఆ పిల్లల మంచిచెడ్డలకు జవాబు చెప్పడం. మా సెక్షనుని గేటు దగ్గర ఆపవద్దని హెడ్మాస్టరు గారిని అడిగి ఒప్పించాను. తరగతి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి లోపలికి పంపేదాన్ని. పిల్లలు కూర్చుని ఆరు నియమాలు పెట్టుకున్నారు. అవి చార్టు మీద రాసి గోడకు అంటించాం. మొదటి నెల గోలగోలగా ఉంది. దసరా సెలవులనాటికి నేను గొంతు ఎత్తనక్కర లేకుండా పాఠం సాగేది.

ఆలస్యానికి మాత్రం ఏం చెయ్యాలో ఆ శిక్షణలో ఎవరూ చెప్పలేదు. దానికి ఉపాయం నేనే కనిపెట్టాను. ఈ కథంతా ఆ ఉపాయం వల్ల జరిగిందే.

మాది మిషనరీల కాలంనుంచీ చర్చికి వెళ్లే కుటుంబం. మా నాన్నగారు గూడెంలో మిషన్ స్కూల్లో ప్రాథమిక తరగతులు చెప్పేవారు. మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. ఎవరైనా లేచి నిలబడి, తాను చేసిన తప్పునో, తనకు వచ్చిన కష్టాన్నో, దేవుడు చేసిన మేలునో అందరి ముందూ చెబుతారు. విన్నవాళ్లు స్తోత్రం అంటారు. ఎవరూ తప్పు పట్టరు. ఒకసారి మా నాన్నగారు లేచి, స్కూల్లో ఒక పిల్లవాణ్ణి అన్యాయంగా కొట్టానని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన ముఖం ఎంత తేలికగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మనసులో మాట నలుగురి ముందూ చెప్పుకుంటే మనిషి బాగుపడతాడని నా మనసులో అప్పుడే పడిపోయింది.

ఆ ఆచారాన్నే పేరు మార్చి తరగతిలోకి తెచ్చాను. మతం మాట ఎక్కడా ఎత్తలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు బల్ల పక్కకు వచ్చి నిలబడి, ఎందుకు ఆలస్యమైందో నిజం చెప్పాలి. నిజం చెబితే శిక్ష లేదు, తరగతంతా చప్పట్లు కొడుతుంది, వెళ్లి కూర్చోవచ్చు. మొదట్లో అందరూ పడవ రాలేదనే చెప్పారు. నెమ్మదిగా నోళ్లు విప్పారు. నిద్ర లేవలేదండి అన్నాడొకడు. గైడు కొనుక్కోవడానికి ఆకివీడు వెళ్లానండి అన్నాడింకొకడు. ఒక పిల్ల, మా నాన్న తాగొచ్చి పుస్తకాల సంచి నీళ్లలో పారేశాడండి అంది. తరగతంతా గట్టిగా చప్పట్లు కొట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు నన్ను ఇంతగా నమ్ముతున్నారని మురిసిపోయాను. ఆ మురిపెం దగ్గరే ఆగి ఆలోచించవలసింది.

లెక్కల మాస్టారు ఒకరోజు స్టాఫ్ రూములో నా పక్కకు కుర్చీ జరుపుకుని అన్నారు. "మేడమ్ గారండి, ఏమీ అనుకోవద్దు. ఇళ్లల్లో సంగతులు క్లాసులో చెప్పించడం మంచిది కాదేమోనండి. పిల్లలు ఆ మాటలు ఇక్కడే వదిలేసి వెళ్లరు గదా."

నేను నవ్వి ఊరుకున్నాను. బెత్తం పట్టుకున్న మనిషి నాకు మర్యాద నేర్పడమేమిటనుకున్నాను. ఆయన చెప్పిన మాట మంచిదా చెడ్డదా అని చూడలేదు. చెప్పిన మనిషినే చూశాను.

ఆ తరగతిలో పెద్దింట్లు అని ఒక పిల్ల ఉండేది. కొల్లేటి అమ్మవారి పేరు అది. ఆ చుట్టుపక్కల లంకల్లో చాలామందికి పెడతారు. వాళ్ల నాన్న చేపలు పట్టేవాడు, ఊరి ఉమ్మడి చెరువులో వాటాదారు. తల్లి మంగమ్మ. వాళ్ల లంక నుంచి తొమ్మిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆ పిల్ల ఒక్కతే. నేను వెళ్లిన కొత్తలో తల ఎత్తి చూసేది కాదు. ఏం అడిగినా "ఆయ్" అనేది, అంతే. ఒకరోజు కృష్ణా గోదావరి డెల్టా పాఠం చెబుతూ బోర్డు మీద కొల్లేరు గీసి, తమ్మిలేరు వచ్చి కలిసే చోటు చూపించాను. పెద్దింట్లు లేచి నిలబడింది. "టీచరు గారండి, అది అక్కడ కాదండి. ఇంకా పైకండి" అంది. సుద్దముక్క చేతికిచ్చాను. బుడమేరు, తమ్మిలేరు ఎక్కడ దిగుతాయో, నీళ్లన్నీ బయటికి పోయే ఉప్పుటేరు ఎటు తిరుగుతుందో, ఏ లంక ఎక్కడుందో మొత్తం గీసింది. అది చూసి నా బొమ్మ నేనే తుడిచేశాను.

ఆ రోజునుంచి ఆ పిల్ల మారిపోయింది. నాకు తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. సెలవుల్లో చదవడానికి నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్లేది. పదో తరగతి అయ్యాక టీచరు ట్రైనింగు చేస్తానని, వాళ్ల లంకలోనే స్కూలు పెట్టిస్తానని చెప్పింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పిల్ల నా కళ్లముందు నిటారుగా నిలబడటం అంత దగ్గరగా చూడలేదు. నాకు ఆ పిల్లంటే ఇష్టం. ఆ ముక్క ఇక్కడ రాయకుండా దాటేస్తే మిగతాది అర్థం కాదు.

2006లో కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించారు. అభయారణ్యం హద్దులో చెరువులు ఉండకూడదని ప్రభుత్వం నిర్ణయం. పక్షులకు మంచిదని, వరద నీరు పోవడానికి మంచిదని చెప్పారు. అది నిజమే అయి ఉండవచ్చు. నేను పాఠంగా చెప్పిందీ అదే. కానీ గట్లు తెగిన లంకల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. కొంతమంది పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. పెద్దింట్ల వాళ్ల ఉమ్మడి చెరువూ పోయింది. అయినా తండ్రి పిల్లని బడి మాన్పించలేదు. ఆ ఏడు నా పిల్లలు పదో తరగతికి వచ్చారు. నేనూ వాళ్లతోపాటే పదో తరగతి క్లాస్ టీచరునయ్యాను.

నవంబరులో పదో తరగతి నామినల్ రోల్స్ తయారుచేస్తున్నాం. పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల పేర్లు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఫొటో, రెండు పుట్టుమచ్చలు, సంతకం, అన్నీ నింపి పైకి పంపే పట్టికలవి. అందులో పేరు లేకపోతే మార్చిలో పరీక్ష లేదు. అలాంటి రోజుల్లో ఒక మంగళవారం పెద్దింట్లు రెండో పీరియడు సగంలో వచ్చింది. పడవలో కాదు, ఎవరిదో దోనెలో వచ్చిందట. లంగా మోకాళ్లదాకా బురద. చేతులు కడుక్కుంది గాని గోళ్లలో నల్లమట్టి ఉంది.

బల్ల పక్కకు వచ్చి నిలబడింది. గోళ్లలో మట్టి గీక్కుంటోంది. మామూలుగా అయితే పడవండి అనేసి వెళ్లి కూర్చునేది. ఆ రోజు పడవ అనడానికి లేదు, ఆ లంక పిల్లలు మరో ఇద్దరు పొద్దున్నే పడవలో వచ్చి కూర్చున్నారు. నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను. "నిజం చెబితే ఈ గదిలో నిన్నెవరూ ఏమీ అనరు."

పెద్దింట్లు నా ముఖంలోకి చూసింది. "గట్టు ఏత్తన్నామండి. మా చెరువు గట్టు. తెల్లారగట్టనించీ ఊరంతా మట్టి మోత్తన్నారండి. మా అమ్మకి జొరం. అమ్మ బదులు నేను మోసేనండి" అంది.

మిగతా ఇద్దరు లంక పిల్లలూ తలలు దించుకోవడం చూశాను. చూశాను గాని ఆలోచించలేదు. సాంఘిక శాస్త్రం చెప్పే మనిషిని. తెగ్గొట్టిన గట్టు మళ్లీ వెయ్యడమంటే ఏమిటో, ఆ మాట ఊరు దాటకూడదని ఆ లంక పెద్దలు కట్టుబాటు పెట్టుకుని ఉంటారని, తరగతిలో అందరికంటే ముందు నాకు తోచవలసింది. నాకు తోచింది ఒక్కటే. పదిహేనేళ్ల పిల్ల తల్లి బదులు మట్టి మోసి, చేతులు కడుక్కుని, బడికి వచ్చి నిజం చెప్పింది. ఇలాంటి నిజం చెప్పడానికి ధైర్యం కావాలని నలుగురూ వినేలా మెచ్చుకున్నాను. చప్పట్లు కొట్టమన్నాను. కొట్టారు. ఆ ఇద్దరు పిల్లలు కూడా, కాస్త ఆగి, కొట్టారు.

మా తరగతిలో నలభై ఒక్క మంది. నలభై ఒక్క ఇళ్లు. సాయంత్రానికి ఆ మాట రేవు దగ్గర టీ కొట్టుకి చేరింది. శుక్రవారం ఆ లంకకి మట్టి తవ్వే యంత్రం వచ్చి కొత్త గట్టు తీసేసింది. మా తరగతి మాట వల్లే వచ్చిందో, ఆ వారం అన్ని లంకల్లోనూ కొత్త గట్లు తీసేసుకుంటూ వస్తూ ఇక్కడికీ వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. రెండోదే నిజమని రెవెన్యూలో పనిచేసే ఒకాయన తర్వాత నాతో అన్నారు. లంకలో ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? పిల్ల చెప్పింది, టీచరు చప్పట్లు కొట్టించింది, మూడో రోజున యంత్రం వచ్చింది.

సోమవారం పెద్దింట్లు రాలేదు. మంగళవారమూ రాలేదు. మిగతా ఇద్దరినీ అడిగితే "తెలీదండి" అన్నారు. ఆ వారంలో ఆలస్యంగా వచ్చిన ప్రతి పిల్లా "పడవండి" అని చెప్పి, చప్పట్ల కోసం ఆగకుండా వెళ్లి కూర్చుంది. పడవతో పనిలేని, స్కూలు పక్కింటి పిల్ల కూడా పడవండి అంది. ఎవరూ నవ్వలేదు. ఏడాదిన్నర కష్టపడి తెరిచిన నోళ్లు నాలుగు రోజుల్లో మూసుకున్నాయి.

శనివారం మధ్యాహ్నం లంకకి బయల్దేరాను. లెక్కల మాస్టారు రేవు దగ్గర కనబడి, "ఒక్కరూ వెళ్లకండి మేడమ్ గారూ, నేనూ వస్తాను" అని పడవెక్కారు. నేను వద్దనలేదు.

పెద్దింట్ల వాళ్ల ఇల్లు ఊరి చివర. మంగమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. మమ్మల్ని చూసి లేచి, చాప వేసి, మంచినీళ్లు ఇచ్చింది. ఊరంతా తమని పలకరించడం మానేసిందని, ఉగాది దాకా తమని ఊరి పడవ ఎక్కించుకోకూడదని పెద్దలు తీర్మానం చేశారని చెప్పింది. ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. జరిగింది జరిగినట్టు మెల్లగా చెప్పింది. చివర్లో లెక్కల మాస్టారి వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఈ బాబుగారి క్లాసులో ఉన్నా బాగుండేదండి టీచరు గారూ. రెండు దెబ్బలేసి కూకోబెట్టేవోరు. దెబ్బైతే సాయంత్రానికి తగ్గిపోయేదండి."

మాస్టారు తలవంచుకున్నారు. నా ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అన్నారు. ఆ మాటంత నిజమైన మాట ఎవరూ అనలేదు. అంత మర్యాదగా కూడా ఎవరూ అనలేదు.

పెద్దింట్లు లోపలనుంచి వచ్చి తల్లి వెనక నిలబడింది. బళ్లో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

అక్కడనుంచి ఊరి మధ్య పాకలో కూర్చున్న పెద్దల దగ్గరకు వెళ్లాం. ఐదారుగురున్నారు. నేను నిలబడే మాట్లాడాను. పిల్ల తనంతట తాను చెప్పలేదని, చెప్పేదాకా నేను ఊరుకోలేదని, తప్పు పూర్తిగా నాదని, శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యమని, పిల్లని పడవెక్కనివ్వమని అడిగాను. వాళ్లలో పెద్దాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు.

"తమరు చదువు చెప్పేవోరండి. తప్పు మీదని మీరే అంటే మేం కాదనం. మీరు ఒప్పుకుంటే మా గట్టు లేత్తాదాండి?" అన్నాడు. తలపాగా మళ్లీ చుట్టుకుంటూ, "మా పిల్లల్ని పంపడం మానమండి. చదువు చెప్పండి. బాగా చెప్పండి. మా ఇళ్లల్లో సంగతులు మటుకు అడక్కండి" అన్నాడు.

పడవ సంగతి మళ్లీ అడిగాను. అది ఊరు అనుకున్న మాటండి అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వాదించి ఉండేదాన్ని. మా చర్చిలో సాక్ష్యం చెప్పినవాళ్లు ఆ తర్వాత ఎందుకు తేలికపడతారో నాకు ఆ పాకలో అర్థమైంది. అక్కడ చెప్పినవాడూ విన్నవాడూ ఒకే సంఘం. విన్నవాడు రేపు తనూ లేచి చెబుతాడు. తనంతట తాను లేచి చెప్పడమే తప్ప, నువ్వు లేచి చెప్పు అని ఎవరూ అడగరు. నేను పైకి కనబడే ఆచారం మాత్రం పట్టుకొచ్చి, దాన్ని కాపాడేదంతా గూడెంలో వదిలేసి వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో మాస్టారు ఏమీ అనలేదు. నేను ముందే చెప్పాను గదా అంటారేమోనని ఒడ్డు చేరేదాకా ఎదురుచూశాను. అననందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఆయన బెత్తం మానలేదు, బదిలీ అయ్యేదాకా పట్టుకునే ఉన్నారు. ఆ గౌరవం మాత్రం అలాగే ఉండిపోయింది.

పదిరోజుల్లో ఆ కుటుంబం లంక వదిలి వెళ్లిపోయింది. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో పనికి కుదిరారని తెలిసింది. నామినల్ రోల్స్ పంపడానికి గడువు దగ్గరపడింది. హాజరు చాలని పిల్లలకు కొంత మినహాయింపు ఉంటుంది, దానికి హెడ్మాస్టరు సిఫారసు చెయ్యాలి. చేస్తాను, పిల్ల సంతకం తీసుకురండి అన్నారాయన. ఆదివారం చర్చి మానేసి, ఏలూరు వెళ్లి, అక్కడనుంచి పెదవేగి బస్సెక్కాను. చర్చి మానడం నాకు చిన్న విషయం కాదు.

తోటలో పెద్దింట్లు చెట్ల కింద వంగి, గెలలనుంచి రాలిన పండ్లు ఏరుతోంది. చేతులనిండా ముళ్ల గీతలు. నన్ను చూసి నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుని, "నమస్తేనండి టీచరు గారూ" అంది. గట్టు మీద కూర్చుని పట్టిక నింపాం. రెండు పుట్టుమచ్చలు కావాలి. ఒకటి కుడి మణికట్టు మీద చూపించింది. రెండోది ఎక్కడుందో తనకే తెలియదు. మెడ వెనక నేను వెతికి పట్టుకున్నాను. సంతకం చేసింది. మార్చిలో పరీక్షలప్పుడు ఆకివీడులో నా గదిలోనే ఉండమన్నాను. తండ్రి దూరంగా నిలబడి తల ఊపాడు.

బయల్దేరబోతుంటే అడిగింది. "నేను చెప్పింది తప్పాండి?"

తప్పు నీది కాదు, నాది అన్నాను. అడగకూడని చోట అడిగానన్నాను.

"మీరడిగేరని చెప్పేనండి. ఇంకోరడిగితే చెప్పేదాన్ని కాదు."

నిష్ఠూరంగా అనలేదు. లెక్క సరిచూసినట్టు అంది. బస్సులో ఏలూరు దాకా ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మార్చిలో హాల్ టికెట్టు వచ్చింది. సెంటరు ఆకివీడు. ముందు రోజు సాయంత్రం దాకా చూశాను, రాలేదు. పరీక్ష గదుల్లో డ్యూటీ వద్దని రాసిచ్చి, తెలుగు మొదటి పేపరు రోజున గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టాక అరగంట వరకూ లోపలికి రానిస్తారు. అరగంటా అయింది. పదకొండు పేపర్లకీ ఆ నంబరు ఎదురుగా రాలేదనే రాశారు. తర్వాతి ఆదివారం పెదవేగి వెళితే ఆ తోటలో వాళ్లు లేరు. సంక్రాంతి వెళ్లగానే ఇంకెక్కడికో పనికి వెళ్లిపోయారని, ఎక్కడికో తనకు తెలియదని మేస్త్రీ చెప్పాడు. ఆ పిల్లని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత పదేళ్లు పనిచేశాను. చివరి మూడేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. బెత్తం పట్టుకోలేదు. పట్టుకున్నవాళ్లని పట్టుకోనివ్వలేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లని ఏమీ అడక్కుండా కూర్చోమనేదాన్ని. మధ్యాహ్నం వరండాలో ఒంటరిగా పిలిచి, "చెప్పాలనుంటే చెప్పు, చెప్పకపోయినా ఫరవాలేదు" అనేదాన్ని. కొందరు చెప్పారు. చెప్పింది నా దగ్గరే ఆగింది. కొందరు స్కూలు వదిలి వెళ్లేదాకా చెప్పలేదు. వాళ్లూ చదువుకున్నారు, వాళ్లూ పాసయ్యారు. కొత్తగా చేరిన టీచర్లు తరగతిలో పిల్లల చేత మనసు విప్పించాలని ఉత్సాహపడితే, ముందు ఆ పిల్లల ఊళ్లోకి ఒకసారి నడిచి రమ్మని పంపేదాన్ని.

భయంతో ఉన్న పిల్ల మన దగ్గర ఏదో ఒకటి దాచుకుంటుంది. నమ్మిన పిల్ల ఏమీ దాచుకోదు. అందుకని బెత్తం పక్కన పెట్టిన టీచరు, బెత్తం పట్టుకున్న టీచరు కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఇది నేను ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను, పదో తరగతి పోగొట్టుకున్నది పెద్దింట్లు.